సోమలింగం కోసం నాలుగు నెలలు: హాకింగ్ కొండల్లో విల్లు వేటకు ముందు స్కౌటింగ్

ఫలితం ముందే చెప్పేస్తాను. 2024 సీజన్లో నేను వెతికిన పోతు, అంటే సోమలింగం అని పేరు పెట్టుకున్న పెద్ద మగజింక, నాకు దొరకలేదు. సీజన్ మొదలయ్యాక వెలుతురులో ఒక్కసారి కూడా కనపడలేదు. అక్టోబర్ 19 సాయంత్రం 17 గజాల దూరంలో ఒక ఆడజింక దొరికింది. అదీ 4 నెలల స్కౌటింగ్ (వేటకు ముందే జింకల జాడలు వెతకడం) పుణ్యమా అని కాదు, ఒక శనివారం మధ్యాహ్నం గంటన్నర నడవబట్టి. ఆ 4 నెలలూ ఏం చేశాను, అందులో ఏది పనికొచ్చింది, ఏది చేతులారా చెడగొట్టుకున్నాను అన్నదే ఇక్కడ రాస్తున్నాను. విల్లుతో వైట్‌టెయిల్ (తెల్లతోక జింక) వేటకు వెళ్లడం నాకిది ఆరో ఏడు. అంతకుముందు అయిదేళ్లూ ప్రభుత్వ అడవుల్లో తిరిగాను. ఒకే పొలాన్ని పట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా తేదీలు రాసుకుంటూ చేయడం ఇదే మొదటిసారి.

స్థలం

అమెరికాలో ఒహాయో రాష్ట్రం, కొలంబస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి హాకింగ్ హిల్స్ అంటే లాంగ్ వీకెండ్, క్యాబిన్, ఐస్‌బాక్సులో మసాలా పట్టించిన చికెన్, ఓల్డ్ మ్యాన్స్ కేవ్ దగ్గర గ్రూప్ ఫొటో. నేను చెప్పేదీ ఆ హాకింగ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) గురించే, కాకపోతే టూరిస్టులు రాని వైపు. కొలంబస్ శివారు డబ్లిన్లో మా ఇంటి నుంచి 33వ నంబర్ హైవే మీద లాంకస్టర్ దాటి లోగన్ వైపు గంటా పావు ప్రయాణం. అక్కడ ఒక పెద్దాయనకు 70 ఎకరాలుంది. 18 ఎకరాల్లో సోయా వేస్తాడు, మిగతాదంతా అడవి.

పడమట రోడ్డు, రోడ్డు మీదే గేటు. గేటు నుంచి తూర్పుకి ట్రాక్టర్ బాట పోతుంది. బాటకి దక్షిణాన సోయా చేను, చేను అవతలి అంచున వాగు. బాటకి ఉత్తరాన అడవి మొదలై కొండెక్కుతుంది. కొండ గట్టు పడమర నుంచి తూర్పుకి సాగుతుంది, దాన్నుంచి మూడు పాయలు చేతివేళ్లలా చేను వైపు దిగుతాయి. పడమటి వేలు, నడిమి వేలు, తూర్పు వేలు అని నేనే పేర్లు పెట్టుకున్నాను. నడిమి వేలు సగం ఎత్తులో అరెకరం చదును ఉంది, మెట్టులాగా. పడమటి వేలికీ నడిమి వేలికీ మధ్య గట్టు కాస్త దిగి చిన్న కనుమలా అవుతుంది. వాగు చేను తూర్పు చివరన ఉత్తరానికి తిరిగి, నడిమి వేలికీ తూర్పు వేలికీ మధ్య ఉన్న లోయలోకి ఎక్కుతుంది. ఆ మలుపు దగ్గర పశువుల కోసం ఎప్పుడో తవ్విన కుంట.

ఒహాయోలో ఇంకొకరి భూమిలో వేటాడాలంటే వాళ్ల రాతపూర్వక అనుమతి ఉండాలి, నోటిమాట చాలదు. మే నెలలో పెద్దాయన వరండాలో కూర్చుని కాగితం మీద సంతకం పెట్టి, మూడు షరతులు చెప్పాడు. గేటు తీస్తే వేయాలి. సోయాలో నడవకూడదు. మొక్కజొన్న పోసి జింకల్ని పిలవకూడదు. ప్రైవేటు భూమిలో మొక్కజొన్న పోయడాన్ని ఇక్కడ చాలా కౌంటీల్లో చట్టం ఒప్పుకుంటుంది, ఆయన మాత్రం ఒప్పుకోడు. "అది వేట కాదు, కోళ్లకి గింజలు చల్లడం" అన్నాడు. గేటుకి తుప్పుపట్టిన గొలుసు, తీసినప్పుడల్లా ఇనుప స్తంభానికి తగిలి గలగలమంటుంది.

ఇండియాలో చదివేవాళ్లకి ఒక మాట. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత దుప్పి మీద చెయ్యి వేయడం నేరం, అది అలాగే ఉండాలి. ఇక్కడి కథ వేరు. ఒహాయోలో 1904 నాటికి వైట్‌టెయిల్ పూర్తిగా పోయింది. బయటి నుంచి తెచ్చి వదిలి, కాపాడి, 1943లో మూడు కౌంటీల్లో మొదటిసారి వేటకి అనుమతిస్తే ఆ ఏడు 168 జింకలు. 1956లో మొత్తం 88 కౌంటీల్లోనూ వదిలితే 3,911. ఇప్పుడు చేలల్లో, రోడ్ల మీద, మా కమ్యూనిటీలో హోస్టా మొక్కల దగ్గర, ఎక్కడ చూసినా అవే. ఒక్కొక్కరికి లెక్క ఉంటుంది. కొమ్ములున్న పోతు ఏడాదికి ఒక్కటే.

వైట్‌టెయిల్ మన చుక్కల దుప్పిలా పెద్ద మందలు కట్టదు. ఆడవి పిల్లలతో చిన్న కుటుంబంగా తిరుగుతాయి. పోతులు వేసవిలో మాత్రం మూడు నాలుగు కలిసి ఉంటాయి, బ్యాచిలర్ రూమ్‌లో కుర్రాళ్లలాగా. కొమ్ముల మీద వెల్వెట్ తోలు ఉన్నన్నాళ్లే ఆ స్నేహం. పగలు తగ్గేకొద్దీ ఒంట్లో హార్మోన్లు మారి, సెప్టెంబర్ మొదట్లో ఆ తోలు ఊడగానే ఎవరి దారి వాళ్లది. కళ్లకి ఎరుపు, నారింజ సరిగా ఆనవు, కదలిక మాత్రం ఇట్టే ఆనుతుంది. చెవులు రెండూ రెండు దిక్కులకి తిప్పగలదు. అన్నిటికన్నా ముక్కు. దాని ముందు మన సబ్బులూ స్ప్రేలూ ఏవీ ఆగవు.

విల్లు వేటలో కష్టమంతా దూరమే. నాది 60 పౌండ్ల బలంతో లాగాల్సిన కాంపౌండ్ (కప్పీల) విల్లు. రేంజ్‌లో 40 గజాల దాకా బాగానే కొడతాను కానీ, అడవిలో 25 దాటితే బాణం వదలకూడదని నియమం పెట్టుకున్నాను. 25 గజాలంటే మన ఫంక్షన్ హాల్లో భోజనాల బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి. అంత దగ్గరికి అది తనంతట తాను రావాలి, మనం ఉన్నామని తెలియకుండా రావాలి. స్కౌటింగ్ అంతా అందుకే.

జూలై: అంతా మనదే అనిపించిన నెల

జూన్ నెలంతా ఆన్‌ఎక్స్ అనే మ్యాప్ యాప్‌లో ఎత్తుల గీతలు చూస్తూ గడిపాను. గీతలు దగ్గరగా ఉంటే నిటారు వాలు, దూరంగా ఉంటే చదును. జింక కూడా మనలాగే బద్ధకంది, వాలు మీద అడ్డంగా పోయేటప్పుడు చదునునే వెతుక్కుంటుంది. నడిమి వేలు మీది మెట్టునీ, గట్టు మీది కనుమనీ ఇంట్లో కూర్చునే గుర్తు పెట్టాను. ఈ భాగం సరిగ్గానే చేశాను.

జూలై 6న మూడు కెమెరాలు కట్టాను. ఒకటి నడిమి వేలు పాదంలో, జింకల దారి చేనులోకి దిగే చోట. అది సిమ్ ఉన్న కెమెరా, ఫొటో పడగానే ఫోన్‌కి వస్తుంది. కుంట దగ్గర ఒకటి, కనుమలో ఒకటి. ఆ రెండూ మెమొరీ కార్డువి, వెళ్లి తీసి చూడాల్సిందే. రెండో సిమ్ కెమెరా కొనడానికి పీనాసితనం అడ్డొచ్చింది.

నాలుగో రోజే ఫొటో వచ్చింది. సాయంత్రం 7.50, ఇంకా మంచి వెలుతురు, సోయాలో నాలుగు పోతులు. వాటిలో ఒకటి పెద్దది. ఎనిమిది కొనల కొమ్ములు, ఎడమ కొమ్ము మీద రెండో కొన లోపలికి వంకర తిరిగి ఉంది, ఎక్కడున్నా గుర్తుపట్టొచ్చు. ఛాతీ లోతుగా ఉండటంతో కాళ్లు పొట్టిగా కనపడుతున్నాయి. మూడున్నరేళ్లో, ఆ పైనో అనుకున్నాను. వయసు చూడాల్సింది ఒంటిలోనే, కొమ్ముల్లో కాదు. ఫోన్ మా ఆవిడకి చూపించి, ఈ కొమ్ములు హాల్లో ఏ గోడకి పెడదామని అడిగాను. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అంది. ఇక్కడి వేటగాళ్లకి ప్రతి పెద్ద పోతుకీ ఒక పేరు పెట్టడం అలవాటు. మా పోతుకి పేరు అలా వచ్చింది.

జూలైలో సోమలింగం 16 రోజులు కనపడ్డాడు, 12 రోజులు వెలుతురు ఉండగానే. ఆఫీసులో ఫొటోలు చూపించేవాణ్ణి. "అన్నా, రోజూ యాప్‌లో కనపడుతుంటే ఇంక స్కౌటింగ్ ఏంటి, వెళ్లి తెచ్చుకోవడమేగా" అన్నాడు మా టీములో తమ్ముడు ఒకడు. పైకి నవ్వేశాను కానీ లోపల నేనూ అలాగే అనుకున్నాను. ఆగస్టు మొదటి వారంలో చేను అంచున ఒక హికరీ చెట్టుకి మంచె కట్టేశాను, పడమటి గాలికి సరిపోయేలా. ట్రీ స్టాండ్‌కి నాకు మంచె అన్న మాటే వస్తుంది. చిన్నప్పుడు జొన్నచేలో పిట్టల్ని తోలడానికి ఎక్కిన మంచెకీ దీనికీ తేడా ఒక్కటే, దీని మీద నడుముకీ తొడలకీ బెల్టు కట్టుకుని ఉండాలి. జింక వల్ల దెబ్బ తిన్న వేటగాణ్ణి నేను చూడలేదు, మంచె మీంచి పడి నడుం విరిగినవాళ్లు ఇద్దరు తెలుసు.

ఆగస్టు: ఎండలు

ఆ ఏడు ఆగ్నేయ ఒహాయోలో వాన మొహం చాటేసింది. ఆగస్టు చివరికల్లా ఇటువైపు కొంత ప్రాంతం అమెరికా కరువు పటంలో ఆఖరి మెట్టు, డీ4లోకి వెళ్లిపోయింది. పచ్చిక కాలి, నడిస్తే పొట్టు తొక్కినట్టు చప్పుడయ్యేది. వాగులో గుండ్రాళ్లు తేలాయి. కుంట సగానికి దిగి, చుట్టూ నెర్రెలు బారిన బురద మిగిలింది. ఆ బురదలో అడుగులు ముద్రేసినట్టు కనపడేవి. ఆడవాటివీ పిల్లలవీ సన్నగా, గుండె ఆకారంలో. ఒక్కచోట మాత్రం మూడు వేళ్ల వెడల్పున్న డెక్క, వెనక రెండు చుక్కల్లా పైగిట్టల గుర్తులతో సహా లోతుగా దిగింది. మెత్తటి బురదలో ఏ జింకకైనా ఆ చుక్కలు పడతాయి, అవి చూసి పోతు అని తీర్మానించడం తప్పు. వెడల్పు, అడుగుకీ అడుగుకీ మధ్య దూరం చూడాలి.

కరువులో నీటి దగ్గర ఇంకో భయం ఉంది. బురదలో పెరిగే సన్నటి దోమల్లాంటి పురుగులు కుట్టి ఈహెచ్‌డీ అనే జ్వరం వస్తుంది. జ్వరం వచ్చిన జింక చల్లదనం కోసం నీటి దగ్గరికి వచ్చి అక్కడే చచ్చిపోతుంది. కుంట చుట్టూ తిరిగి వాసన కోసం చూసేవాణ్ణి. మా దగ్గర ఒక్కటి కూడా కనపడలేదు, అదృష్టం.

పిడుదుల సంగతి కూడా చెప్పాలి. ప్యాంటుకి పర్‌మెత్రిన్ అనే పురుగుల మందు కొట్టుకోకుండా ఆ గడ్డిలోకి దిగకూడదు. నల్లకాళ్ల పిడుదు కుడితే లైమ్ జ్వరం. వీపు మీద తెల్లచుక్క ఉండే లోన్ స్టార్ పిడుదు కుడితే కొందరికి మేక, గొర్రె, జింక ఏ మాంసమూ పడకుండా పోతుంది. జింక కోసం వెళ్లి జన్మంతా పప్పన్నం తినాల్సి రావడం కన్నా ఘోరం ఏముంటుంది? మా ఇంట్లో రూలు, వేట బట్టలు గరాజ్ దాటి లోపలికి రాకూడదు.

అప్పటికి సోయా ఆకు పసుపుకి తిరిగింది. మామూలుగా సెప్టెంబర్ మధ్యలో జరగాల్సింది ముందే మొదలైంది. పచ్చగా ఉన్నన్నాళ్లే జింకకి సోయా ఆకు మీద మోజు. ఆగస్టులో సోమలింగం 11 రోజులు కనపడ్డాడు, వెలుతురులో 4. సెప్టెంబర్ మొదటి వారంలో వెల్వెట్ ఊడిపోయింది, తెల్లటి కొమ్ములతో ఒక ఫొటో వచ్చింది, రాత్రి 2.10కి. తర్వాత మూడు ఫొటోలు, అన్నీ అర్ధరాత్రివే. ఆ పైన ఏమీ లేదు.

ఏం జరిగింది

ప్రతి ఏటా సెప్టెంబర్లో ఇలా పోతులు మాయం కావడం అందరికీ అనుభవమే. మేత మారుతుంది, గుంపు విడిపోతుంది, వేసవి మకాం వదిలి కొన్ని వేరే చోటికి వెళ్లిపోతాయి. మొదట నేనూ అదే అనుకుని ఊరుకున్నాను. కానీ ఒక విషయం పొసగలేదు. మేతే కారణమైతే ఆడజింకలు కూడా పోవాలి కదా. అవి చేను అంచున మిగిలిన పచ్చటి చోట్లకి సాయంత్రం 6.30కి ఠంచనుగా వస్తూనే ఉన్నాయి. పెద్ద పోతు ఒక్కటే వెలుతురు మానేసింది.

సెప్టెంబర్ 14 శనివారం, కారు తాళాలు చేతిలోకి తీసుకుని, మళ్లీ పెట్టేసి, ల్యాప్‌టాప్ తెరిచాను. సిమ్ కెమెరా ఫొటోల తేదీలన్నీ ఎక్సెల్లో వేసి, పక్కన వారం పేరు రాశాను. ఉద్యోగం డేటా మీదే, అయినా సొంత డేటాని రెండు నెలలుగా ఫొటో ఆల్బమ్‌లా చూస్తూ కూర్చున్నాను. సోమలింగం వెలుతురులో వచ్చిన 16 రోజుల్లో 13 బుధ, గురు, శుక్రవారాలే. ఆది, సోమ, మంగళ దాదాపు ఖాళీ. శనివారం సున్నా.

శనివారం ఏముంది? నేనున్నాను. జూలై 13 నుంచి సెప్టెంబర్ 7 దాకా 9 శనివారాలు, మధ్యాహ్నం 12కి గేటు తీసి, కారు లోపల పెట్టి, బాట మీద నడిచి, పడమటి వేలికీ నడిమి వేలికీ మధ్యగా ఎక్కి కనుమలో కార్డు తీసి, గట్టు మీదుగా దిగి కుంట దగ్గర కార్డు తీసి, మళ్లీ బాట మీద వెనక్కి. మధ్యాహ్నం జింకలు పడుకుని ఉంటాయి, ఏం కాదులే అన్న ధీమా. పడుకున్న జింక నిద్రపోతుందా? నెమరు వేస్తూ, గాలి పీలుస్తూ ఉంటుంది. నేను వెళ్లిన బాటలో నా వాసన రెండు మూడు రోజులు ఉంటుంది, అది తగ్గాక బుధవారానికి వాడు బయటికొస్తాడు. మళ్లీ శనివారం నేను తయారు. తొమ్మిది వారాలు అలా చెప్పి చెప్పి, చివరికి రాత్రిపూట మాత్రమే తిరగమని నేర్పాను.

16 రోజుల లెక్క చిన్నదే, దీని మీద ఎవరూ సిద్ధాంతం కట్టక్కర్లేదు. సీజన్ మార్పు కూడా కలిసి పనిచేసిందనే నా అంచనా. కానీ సీజన్ మార్పు నా చేతిలో లేదు, శనివారాలు నా చేతిలో ఉన్నాయి. ఆ రోజు నుంచి కార్డులు తీయడం ఆపేశాను. ఆ రెండు కెమెరాలూ ఫిబ్రవరి దాకా అక్కడే ఉండిపోయాయి, బ్యాటరీలు చచ్చి.

ఇక్కడి సాటి వేటగాళ్లతో నాకు తేడా వచ్చేది ఈ విషయం దగ్గరే. స్కౌటింగ్ అంటే జింక ఎక్కడుందో కనిపెట్టడం అనుకుంటారు. అది సగమే, అందులోనూ సులువైన సగం. ఆ చోటికి నేను ఏ దారిన వెళ్లాలి, ఏ గాలికి వెళ్లాలి, చీకట్లో మంచె దిగి ఏ దారిన బయటపడాలి అన్నది వెతకడం మిగతా సగం. జూన్‌లో పటం మీద జింక దారులు గీశాను కానీ నా దారి గీయలేదు. కనపడిన ట్రాక్టర్ బాట పట్టుకుని పోయాను.

సెప్టెంబర్ 28

ఆ ఏడు విల్లు సీజన్ తెరిచింది సెప్టెంబర్ 28న. హెలీన్ తుఫాను అవశేషాలు ముందురోజే ఒహాయో మీదికి వచ్చాయి. కరువులో ఉన్న నేలకి ఆ వాన అమృతం, నాకు మాత్రం కాదు. బుద్ధి ఉన్నవాడు ఆ రోజు ఇంట్లో ఉంటాడు. నాలుగు నెలలు ఆగినవాడికి బుద్ధి ఎక్కడిది? చేను అంచున హికరీ మంచె ఎక్కి కూర్చున్నాను.

గాలి తూర్పు నుంచి వీస్తోంది. మంచె కట్టింది పడమటి గాలికి. నా వాసన నేరుగా అడవి అంచుకి పోతోందని తెలుసు, తెలిసీ కూర్చున్నాను. రెయిన్‌కోటు మెడలోంచి నీళ్లు దిగి బనియన్ తడిసింది. ఒక్క జింక కూడా రాలేదు. చీకటి పడ్డాక దిగుతుంటే, పైన పడమటి వైపు ఎక్కడో, టైరు గాలి ఒక్కసారి వదిలినట్టు "ఫూ" అని పెద్ద శబ్దం. ఒక నిమిషం ఆగి మళ్లీ. జింక ముక్కుతో కొట్టే హెచ్చరిక అది. అది పోతో ఆడదో చెప్పలేను, కానీ ఎటు నుంచి వచ్చిందో ఆ రాత్రి నోట్‌బుక్కులో రాసుకున్నాను: పడమటి వేలు, పై భాగం. ఆ ముక్క ఫిబ్రవరి దాకా అక్కర్లేకపోయింది.

గంటన్నర

అక్టోబర్ 12 మధ్యాహ్నం, వాయవ్యం నుంచి నిలకడైన గాలి. ఈసారి గేటు తీయలేదు. కారు గేటు బయట వదిలి, గేటు ఎక్కి దాటి, బాట వైపు చూడకుండా వాగులోకి దిగాను. వానల తర్వాత వాగులో సన్నగా నీరు పారుతోంది, రబ్బరు బూట్ల చప్పుడు ఆ చప్పుడులో కలిసిపోయింది. వాయవ్య గాలికి నా వాసన వాగు దాటి అవతలి పొలంలోకి పోతుంది, కొండ వైపు పోదు. చేను చుట్టూ తిరిగి, కుంట పక్కగా, లోయలోకి ఎక్కి, కింది నుంచి నడిమి వేలు మెట్టు మీదికి చేరాను. దూరం దాదాపు రెండింతలు. వీపున మంచె, చెట్టెక్కే మెట్లు, విల్లు. అంటే తాజా జాడ దొరికితే అక్కడే కట్టేయడానికి సిద్ధంగా వెళ్లాను, మళ్లీ ఇంకోసారి వచ్చి చూసేది లేదు.

మెట్టు మీద పదకొండు వైట్ ఓక్‌లున్నాయి. ఆకు అంచులు గుండ్రంగా ఉంటే వైట్ ఓక్, ముళ్లలా కొనదేరితే రెడ్ ఓక్. వైట్ ఓక్ కాయ ఒక్క ఏడాదిలో పండి సెప్టెంబర్, అక్టోబర్లలో రాలుతుంది, వగరు తక్కువ. రెడ్ ఓక్‌ది రెండేళ్ల కాపు, వగరు ఎక్కువ, వైట్ ఓక్ అయిపోయాకే దాని మొహం చూస్తాయి. మన ఏజెన్సీలో ఇప్పపూలు రాలే రోజుల్లో ఎలుగు ఎక్కడికొస్తుందో అడవిలో పుట్టినవాడిని అడగక్కర్లేదు, చెట్టు కిందికే వస్తుంది. ఇక్కడ ఓక్ కాయలు ఆ ఇప్పపూల లాంటివి. అయితే అన్ని చెట్లూ ఒకేలా కాయవు. కరువు దెబ్బకి తొమ్మిది చెట్ల కింద సగం ఎదిగిన కాయలు, పురుగు కన్నాలతో. తూర్పు అంచున రెండు చెట్ల కింద మాత్రం నేల కనపడనంత కాయ.

వంగి చూశాను. పగిలిన పెంకులు, లోపలి భాగం ఇంకా లేతపసుపు, నల్లబడలేదు. అంటే రాత్రిదో పొద్దుటిదో. ఆకులు డెక్కలతో తిరగేసి ఉన్నాయి, తిరగబడిన వైపు తడి ఆరలేదు. పెంటికలు మూడు చోట్ల, నిగనిగలాడుతూ. ఒకటి వేళ్ల మధ్య నలిపితే మెత్తగా నలిగింది. ఇంట్లో చెప్పకండి. పదడుగుల అవతల ఒక సాసాఫ్రాస్ మొక్కకి మోకాలి ఎత్తు నుంచి తొడ దాకా బెరడు చెక్కేసి ఉంది, తెల్లటి చెక్క, రంపంపొట్టులా నూగు కింద రాలి ఉంది. పోతు నుదుటితో రుద్దిన గుర్తు, నుదుటి గ్రంథి వాసన దానికి పూస్తుంది. ఇది సోమలింగానిదని చెప్పలేను, సన్నటి మొక్కని చిన్న పోతులూ రుద్దుతాయి.

అక్కడే 19 అడుగుల ఎత్తున, లోయ అంచున ఉన్న ట్యూలిప్ పాప్లార్ చెట్టుకి మంచె కట్టాను. అంచునే ఎందుకంటే సాయంత్రం ఎండ తగ్గగానే గాలి బరువెక్కి వాలు మీంచి కిందికి జారుతుంది, పొద్దున ఎండెక్కితే పైకి లేస్తుంది. సాయంత్రం నా వాసన లోయలోకి జారిపోవాలి, జింకలు మెట్టు మీదుగా పడమటి నుంచి రావాలి. ఆ రోజు కూర్చోలేదు. కట్టేటప్పుడు చెమట కారింది, చెట్టు నిండా నా వాసనే. వారం ఆగాను. ఈ ఆగడం నాకు కొత్త.

అక్టోబర్ 19. అదే దారి, అవే బూట్లు, 3.30కి మంచె మీద ఉన్నాను. జేబులో మిల్క్‌వీడ్ దూది. జిల్లేడు కుటుంబంలోదే ఈ మొక్క, కాయ పగిలితే అచ్చం జిల్లేడు కాయలోలా పట్టుదారాల గొడుగులు. చిన్నప్పుడు ఊదుకుంటూ వెంట పరుగెత్తినవే. పౌడరు సీసా అయితే గాలి మన చెయ్యి దగ్గర ఎటుందో చెబుతుంది, దూది అరవై గజాల దాకా కళ్ల ముందు చూపిస్తుంది. 4 గంటలకి ఒకటి వదిలితే ఆగ్నేయానికి సమానంగా తేలుతూ పోయింది. 5.40కి వదిలింది కొంచెం పోయి ఆగింది, ఎటూ తేలనట్టు ఒకచోట తిరిగింది. 6.05కి వదిలింది నేరుగా లోయలోకి దిగిపోయింది, బావిలోకి బొక్కెన దిగినట్టు. అప్పుడు విల్లు చేతిలోకి తీసుకున్నాను.

6.20కి ముందు చప్పుడు వినపడింది. కటుక్కు, కటుక్కు, తీరిగ్గా, పళ్ల మధ్య ఓక్ కాయ పగులుతున్న చప్పుడు. రెండు ఆడజింకలు పడమటి నుంచి మెట్టు మీదుగా వస్తున్నాయి. పెద్దది తల దించినట్టే దించి టక్కున ఎత్తేది, నిజంగా తింటున్నదో, మాయ చేస్తున్నదో. రెండుసార్లు అలా చేసి, మూడోసారి నిజంగానే తల దించింది. పక్కకి తిరిగి, దగ్గరి ముందుకాలు ముందుకు వేసింది, జబ్బ వెనక చోటు తెరుచుకుంది. 17 గజాలు. బాణం ఒంట్లోంచి దూసుకుపోయి అవతల నేలలో గుచ్చుకుంది. అరగంట ఆగి దిగాను, జింక అరవై గజాల్లోపే పడి ఉంది. మర్నాడు మధ్యాహ్నం 12 లోపు రాష్ట్ర శాఖకి నమోదు చేయాలన్నది ఇక్కడి నియమం, ఆ రాత్రే ఫోన్లో చేసేశాను. ఒక తొడ పెద్దాయనకి. మిగతాది మేం, మా వీధిలో ఇంకో రెండు తెలుగు ఇళ్లు. మిరియాలు వేసి వేపుడు చేస్తే మేకమాంసం కన్నా నయమని మా ఆవిడ ఒప్పుకుంది, సోమలింగం గురించి మాత్రం అడగడం మానలేదు.

ఫిబ్రవరి

సీజన్ 2025 ఫిబ్రవరి 2న ముగిసింది. నా దృష్టిలో అసలు స్కౌటింగ్ నెల ఇదే. ఆకు ఉండదు, పాత జాడలు మంచు కింద చెక్కుచెదరకుండా ఉంటాయి, ఎంత తిరిగినా చెడేదేమీ లేదు. ఫిబ్రవరి 8న చచ్చిన కెమెరాలు విప్పుకుని, సెప్టెంబర్ 28 రాత్రి నోట్‌బుక్కులో రాసుకున్న ముక్క పట్టుకుని పడమటి వేలు ఎక్కాను.

పై నుంచి మూడో వంతు దిగితే, తూర్పు వైపు వాలు మీద ఒక పడిపోయిన ఓక్ మాను. దాని పక్కన మంచం మీద గుంటలా నేల అణిగి ఉంది, ఆకులు పిండయ్యాయి. ఒకటి కాదు, కొంచెం జరిగి ఇంకోటి. బోలుగా ఉండే గోధుమ రంగు వెంట్రుకలు, చిన్న చెట్లకి నాలుగు రాపిడి గుర్తులు, పాతవీ కొత్తవీ. ఒకదాని బోదె నా పిడికిలి కన్నా లావు. రోజూ పడుకునే చోటు అది. అక్కడి నుంచి నేను ప్రతి శనివారం కనుమకి ఎక్కిన దారిదాకా అడుగులేశాను. 94.

ఆ గుంటలో పడుకున్నాను. పడమటి గాలి వెనక గట్టు మీంచి వచ్చి మెడకి తగులుతోంది. ముందు, కింద, ట్రాక్టర్ బాట మొత్తం, సోయా చేను, నా హికరీ చెట్టు. గేటు కనపడదు, అది వెనక ఉంది. కొంచెంసేపటికి పెద్దాయన పికప్ రోడ్డు మీద ఆగిన చప్పుడు, తర్వాత గొలుసు. స్తంభానికి తగిలి గలగల, పక్కనే నిలబడి తీసినంత స్పష్టంగా.

దిగి వెళ్లి ఆయన్ని అడిగాను, తూర్పు వైపు నుంచి వచ్చే దారేదైనా ఉందా అని. పక్క పొలంవాళ్ల పశువుల బాట ఒకటి కుంట దాకా వస్తుందట. వాళ్లతో ఆయనకి మాటల్లేవు, కంచె గొడవ. ఒకసారి కదిపి చూస్తానన్నాడు.